గాజు చెప్పు, లక్క గాజు

పోయిన ఆదివారం మా ఇంట్లో పెళ్ళిచూపులు. శాలిబండలో మా ఇల్లు సందులో సందు. అబ్బాయి వాళ్ళ కారు ఆ సందులో పట్టదు కాబట్టి మెయిన్ రోడ్డు మీదే ఆపుకుని, ఎండలో నడిచొచ్చారు. అక్కడికే వాళ్ళ మూడ్ సగం పోయింది. మంచినీళ్ళు, ఫ్యాన్ కింద కుర్చీలు, ఉస్మానియా బిస్కట్లు, వేడి వేడి మిర్చి బజ్జీలు అన్నీ అయ్యాక అబ్బాయి వాళ్ళమ్మగారు నావైపు తిరిగి అడిగారు.

"ఖాళీ టైమ్‌లో ఏం చేస్తావమ్మా?"

ఇలాంటి ప్రశ్నకి వంటో, సంగీతమో, యోగానో చెప్పాలని మా పిన్ని ముందే ట్రైనింగ్ ఇచ్చింది. నేను మర్చిపోయి నిజం చెప్పేశాను.

"నవలలు చదువుతానాంటీ."

"మంచిదేగా. ఎలాంటివి?"

"రెండొందల ఏళ్ళ కిందటి ఇంగ్లండ్‌లో జరిగే ప్రేమకథలు. డ్యూకులు, గుర్రబ్బళ్ళు, డాన్సులు ఉంటాయి. మధ్యలో సిండ్రెల్లా లాంటి కథ ఒకటి కలుస్తుంది."

గదిలో ఫ్యాన్ చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. మా అమ్మ చూసిన చూపుకి ప్లేట్లో బజ్జీ చల్లారిపోయింది. అబ్బాయి మాత్రం నవ్వు ఆపుకుంటూ నేలకేసి చూశాడు. నాకు అతనిలో నచ్చిన మొదటి విషయం అదే.

వాళ్ళు వెళ్ళగానే అమ్మ మొదలుపెట్టింది. "వంట జేస్త అని చెప్తే నోరు నొస్తదా? గా డ్యూకుల ముచ్చట ఇప్పుడే చెప్పాల్నా?"

"నువ్వు రాజశేఖరం కోసం అన్నం మాడ్చలేదా అమ్మా?"

"రాజశేఖరం వేరు," అంది అమ్మ ఖచ్చితంగా.

వేరు కాదని నా వాదన. ఈ వారం కాలమ్ ఆ ఆంటీగారికి నేను పూర్తిగా చెప్పలేకపోయిన జవాబు. మా అమ్మక్కూడా.

ఏమిటీ రీజెన్సీ?

ఇంగ్లండ్ రాజు మూడో జార్జికి మతిస్థిమితం తప్పింది. దాంతో 1811 నుంచి, 1820లో ఆయన చనిపోయేదాకా, కొడుకు 'ప్రిన్స్ రీజెంట్' పేరుతో రాజ్యం నడిపాడు. ఆ తొమ్మిదేళ్ళ కాలమే రీజెన్సీ. జేన్ ఆస్టిన్ నవలలు అచ్చయింది ఆ రోజుల్లోనే. 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' వచ్చింది 1813లో. ఆవిడ తన చుట్టూ ఉన్న మనుషుల గురించి రాసుకుంది కాబట్టి ఆవిడకవి చారిత్రక నవలలు కావు. ఆ తర్వాత వందేళ్ళకి పైగా గడిచాక జార్జెట్ హేయర్ అనే రచయిత్రి 1935లో 'రీజెన్సీ బక్' రాసి, ఆ కాలాన్ని ఒక కథల ఊరిగా మార్చేసింది. ఇప్పటికీ ఆ ఊళ్ళో కొత్త ఇళ్ళు కడుతూనే ఉన్నారు.

వాటిలో ఒక వీధి నాకు మరీ ఇష్టం. పాత జానపద కథని తీసుకెళ్ళి రీజెన్సీ పెళ్ళిసంబంధాల్లో కలిపే నవలలు అక్కడుంటాయి. జూలియా క్విన్ 2001లో రాసిన బ్రిడ్జర్టన్ నవల ఒకటి పక్కా సిండ్రెల్లా కథ. సవతి తల్లి, మాస్కుల డాన్సు, అర్ధరాత్రి పరుగు అన్నీ ఉంటాయి. కాకపోతే చెప్పు బదులు చేతి గ్లోవ్ వదిలేసి వెళ్తుంది హీరోయిన్. ఎలోయిసా జేమ్స్ అయితే వరుసపెట్టి ఇవే రాసింది. 2010లో సిండ్రెల్లా, 2011లో 'బ్యూటీ అండ్ ద బీస్ట్'. ఆ రెండోదాంట్లో హీరో కుంటుతూ నడిచే, అందర్నీ కసురుకునే డాక్టరు. 'హౌస్' అనే అమెరికన్ టీవీ సీరియల్లో డాక్టరే అతనికి మోడల్. ఇంకో సంగతి. ఎలోయిసా జేమ్స్ కలం పేరు. అసలు పేరు మేరీ బ్లై. న్యూయార్క్‌లో ఫోర్డమ్ యూనివర్సిటీలో షేక్‌స్పియర్ పాఠాలు చెప్పే ప్రొఫెసర్. కాబట్టి 'చదువుకున్న పిల్లవి, ఇవేం పుస్తకాలు' అని ఎవరన్నా అంటే ఆ ప్రొఫెసరమ్మని చూపిస్తాను.

ఈ కలయిక విచిత్రంగా అనిపిస్తుంది గానీ నిజానికి రెండూ ఒక వయసువే. గ్రిమ్ సోదరులు జర్మనీలో కథల మొదటి సంపుటం అచ్చేసింది 1812లో. అంటే రీజెన్సీ నడుమన. సిండ్రెల్లాకి గాజు చెప్పు తొడిగిన ఫ్రెంచి పెరో అంతకంటే పాతవాడు, 1697 నాటివాడు.

ఈ సంత మనకి తెలిసిందే

నేను మొదటిసారి ఇలాంటి నవల చదివినప్పుడు పరాయి దేశం కథ చదువుతున్నట్టు అనిపించనే లేదు. పెళ్ళీడుకొచ్చిన అమ్మాయిని తల్లి పట్నం తీసుకొస్తుంది. దాన్ని 'సీజన్' అంటారు. మనకి ముహూర్తాల సీజన్ ఎలాగో వాళ్ళకి డాన్సుల సీజన్ అలాగ. పక్కన ఎప్పుడూ ఒక పెద్దామె కాపలా. ఒకే అబ్బాయితో మూడుసార్లు డాన్సు చేస్తే ఊరంతా గుసగుస. అబ్బాయి మొహం ఎలా ఉందన్నది రెండో ప్రశ్న, మొదటి ప్రశ్న ఏడాదికి ఆదాయమెంత. ఆస్టిన్ హీరో డార్సీగారికి ఏడాదికి 10 వేల పౌండ్లు. మా పిన్ని అయితే వెంటనే "చేతికొచ్చేదెంత, కటింగులెంత?" అని అడిగేది.

ఇక్కడ ఒక తేడా తెలియాలి. ఆ రోజుల్లో ఇంగ్లండ్‌లో పెళ్ళయిన ఆడదానికి చట్టం దృష్టిలో సొంత ఆస్తంటూ ఉండేది కాదు. వేరే ఒప్పందం రాసుకుంటే తప్ప ఆమె డబ్బు, నగలు, సంపాదన మొగుడివే. అది పూర్తిగా మారడానికి 1882 చట్టం దాకా పట్టింది. అందుకే ఆ సమాజంలో మొగుణ్ణి ఎంచుకోవడమంటే బతుకునే ఎంచుకోవడం. తప్పు పడితే వెనక్కి రావడానికి దారి లేదు. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే రోల్‌బ్యాక్ లేని రిలీజ్. అంత భయం ఉన్నచోట ఆడపిల్లలకి జానపద కథ కావాల్సి వచ్చిందంటే నాకు ఆశ్చర్యం లేదు. భయానికి పైన కప్పుకునే దుప్పటి అది. రాజకుటుంబాన్ని పక్కన పెడితే అప్పటి బ్రిటన్ మొత్తమ్మీద డ్యూకులు ముప్పై మంది కూడా లేరు. నవలల్లో మాత్రం వందలమంది, అందరూ ఎత్తరులు, అందరికీ పళ్ళు సరిగ్గా ఉంటాయి.

ఇప్పుడు మా అమ్మ రాజశేఖరం దగ్గరికి వద్దాం. యద్దనపూడి సులోచనారాణిగారి 'సెక్రటరీ' తెలియని తెలుగు అమ్మలు తక్కువ. 1976లో నాగేశ్వరరావు, వాణిశ్రీలతో సినిమా కూడా వచ్చింది. ఎత్తైన మనిషి, కారు, బంగళా, కాస్త పొగరు, లోపల వెన్న. హీరోయిన్ మామూలు ఇంటి పిల్ల, ఆత్మాభిమానం మాత్రం నిలువెత్తు. చెప్పండి, ఇది డ్యూకు కథ కాదా? మా అమ్మ పెళ్ళికి ముందు పక్కవీధి అద్దె పుస్తకాల షాపునుంచి రోజుకి పావలా ఇచ్చి తెచ్చుకుని, బియ్యం డబ్బా వెనక దాచుకుని చదివేదట. నేను ఫోన్లో చదువుతాను కాబట్టి దాచుకునే పని లేదు. అంతే తేడా.

మూసీకి ఇటూ అటూ

పాతబస్తీలో పుట్టినవాళ్ళకి చరిత్రనీ కథనీ విడదీయడం చిన్నప్పట్నుంచీ కష్టమే. మా నానమ్మ పురానాపూల్ మీదుగా వెళ్ళినప్పుడల్లా ఒకటే ముచ్చట చెప్పేది. యువరాజు మహమ్మద్ కులీ వరదలో మూసీ దాటి భాగమతి కోసం పోయేవాడని, కొడుక్కి ఏమవుతుందోనని తండ్రి ఇబ్రహీం కులీ కుతుబ్ షా ఆ వంతెన కట్టించాడని. నేను ఇంజనీరింగ్ చదివాక ఒకరోజు లెక్కేశాను. వంతెన కట్టింది 1578లో. మహమ్మద్ కులీ పుట్టింది 1565లో. అంటే ప్రేమ కోసం గుర్రమేసుకుని వరదలో దూకిన హీరోకి పదమూడేళ్ళు. భాగమతి అసలు ఉందా లేదా అని చరిత్రకారులు వాదించుకుంటూనే ఉన్నారు. నానమ్మకి ఈ లెక్క చెబితే, "నీ లెక్క నువ్వుంచుకో, నా కథ నాకుండనీ" అంది.

కానీ ఒక కథ ఉంది. దానికి ఉత్తరాలున్నాయి, విచారణ కాగితాలున్నాయి, కళ్ళముందు మేడ ఉంది. నేను రోజూ ఎంజీబీఎస్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గం పోతాను. ఎక్కిన తర్వాతి స్టేషన్ ఉస్మానియా మెడికల్ కాలేజీ. మనమంతా కోఠి అనే చోటు. ఆ కోఠి అనే పేరు కూడా ఆ మేడ వల్లే వచ్చిందంటారు. అదే బ్రిటిష్ రెసిడెన్సీ. మొన్నమొన్నటిదాకా కోఠి విమెన్స్ కాలేజీగా అందరికీ తెలిసిన చోటు.

జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ 1764లో మద్రాసులో పుట్టాడు. 1798లో నిజాం అలీ ఖాన్ దర్బారులో ఈస్టిండియా కంపెనీ రెసిడెంటు అయ్యాడు. ఫార్సీ మాట్లాడేవాడు, ఇంట్లో హైదరాబాదీ దుస్తులు వేసుకునేవాడు. నిజాం ఇతనికి 'హష్మత్ జంగ్' అని బిరుదిచ్చాడు. పాతబస్తీలో ఒక పెద్ద ఇరానీ వంశపు కుటుంబంలో అమ్మాయి ఖైరున్నిసా. అక్క పెళ్ళిలో పరదా వెనకనుంచి అతన్ని చూసిందని చెప్తారు. ఆమెకి అప్పటికే వేరే సంబంధం ఖాయమైంది. తాతగారు బాకర్ అలీ ఖాన్ ఒప్పుకోలేదు. అమ్మ షరఫున్నిసా, అమ్మమ్మ మాత్రం పిల్ల వైపు నిలబడ్డారు. చివరికి అతను ఇస్లాం పద్ధతిలో ఆమెని పెళ్ళి చేసుకున్నాడు. ఊళ్ళో గోల, కలకత్తాదాకా పుకార్లు. 1801లో గవర్నర్ జనరల్ వెల్లెస్లీ దీనిమీద విచారణ కూడా జరిపించాడు. ఉద్యోగం ఊడుతుందనుకున్నారు, ఊడలేదు.

1803లో మూసీకి అవతల గట్టున కొత్త రెసిడెన్సీ మొదలైంది. శామ్యూల్ రస్సెల్ అనే మద్రాసు ఇంజనీరు గీసిన ప్లాను. పెద్ద పెద్ద స్తంభాలు, ముందు మెట్ల పక్కన రాతి సింహాలు. స్థలం అడగడానికి పెద్ద కాగితం మీద ప్లాను గీసి తీసుకెళ్తే, తన రాజ్యం మ్యాపంత ఉందని నిజాం కాదన్నాడని, అదే ప్లాను చిన్న కార్డు మీద గీసి చూపిస్తే సరేనన్నాడని ఒక సరదా కథ ఉంది. మా మేనేజర్లకి ప్రెజెంటేషన్ ఎలా ఇవ్వాలో ఆ రోజు అర్థమైంది నాకు.

వెనక జనానాలో ఖైరున్నిసా ఉండేది. పరదా పాటించే మనిషి, మేడ ముందువైపుకి వచ్చి చూడలేదు. అందుకని భార్య కోసం కిర్క్‌పాట్రిక్ తోటలో ఆ మేడకి ఒక చిన్న నమూనా కట్టించాడని చెప్తారు. బొమ్మరిల్లంత మేడ. కాలేజీ రోజుల్లో మొదటిసారి ఈ ముచ్చట విన్నప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి. ఇంతకంటే రీజెన్సీ జానపద కథ ఎవడు రాయగలడు? రాజకుమారి, కోట, సముద్రాలు దాటొచ్చిన దొర, ప్రేమకి గుర్తుగా బొమ్మ మేడ. నవలైతే ఇక్కడ చివరి పేజీ.

చివరి పేజీ తర్వాత

2002లో విలియం డాల్రింపుల్ 'వైట్ మొఘల్స్' అని ఈ కథ మొత్తం తవ్వి రాశాడు. అది చదివాక నేను ఆ బొమ్మ మేడ దగ్గరే ఆగలేకపోయాను.

మొదటి సంగతి, వయసు. ఆ పెళ్ళిలో చూసేనాటికి ఖైరున్నిసాకి పద్నాలుగేళ్ళుంటే ఎక్కువ. అతనికి ముప్పై నాలుగు. ఆ కాలంలో అలాంటివి మామూలే అని మనం సర్దిచెప్పుకుంటాం. కానీ నాకు పద్నాలుగేళ్ళ చెల్లి వరస పిల్ల ఉంది, తొమ్మిదో తరగతి. దాన్ని తల్చుకుంటే ఈ కథని ప్రేమకథ అనడానికి నాకు నోరు రాదు. వాళ్ళిద్దరి మధ్య ప్రేమ లేదని కూడా అనలేను, ఉందనడానికి అతని ఉత్తరాలున్నాయి. రెండూ నిజమే. అవి పక్కపక్కన అలా ఉండాల్సిందే.

రెండో సంగతి, పిల్లలు. కొడుకు సాహెబ్ ఆలమ్ 1801లో, కూతురు సాహెబ్ బేగం 1802లో పుట్టారు. 1805లో ఇద్దరినీ చదువు కోసం ఇంగ్లండ్ పంపించారు. బాబుకి నాలుగేళ్ళు, పాపకి మూడు. ఓడ ఎక్కేముందు మద్రాసులో జార్జ్ చిన్నరీ అనే చిత్రకారుడు వాళ్ళ బొమ్మ వేశాడు. హైదరాబాదీ జరీ బట్టల్లో, మెట్ల మీద నిలబడ్డ ఇద్దరు బిడ్డలు. ఆ ఏడాది అక్టోబర్‌లో కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో జబ్బుచేసి చచ్చిపోయాడు. ఒక్క ఏడాదిలో ఖైరున్నిసాకి భర్తా లేడు, బిడ్డలూ లేరు. ఆమెకి అప్పటికి ఇరవై ఏళ్ళు కూడా నిండి ఉండవు.

ఆమె భర్త సమాధి చూడ్డానికి కలకత్తా వెళ్ళింది. అక్కడ భర్త దగ్గర పనిచేసిన హెన్రీ రస్సెల్ ఆమెకి దగ్గరయ్యాడు. తర్వాత తప్పుకున్నాడు. దివాను మీర్ ఆలం ఆమెని హైదరాబాద్‌లో అడుగుపెట్టనివ్వలేదు. దాంతో మచిలీపట్నంలో ఉండిపోయింది. ఇక్కడ రస్సెల్ 1808లో మద్రాసులో వేరే పెళ్ళి చేసుకున్నాడు. మన బందరు సముద్రపు ఒడ్డున, తెలిసినవాళ్ళెవరూ లేని ఊళ్ళో, ఆమె కబురు కోసం ఎదురు చూస్తూ కూర్చుంది. తర్వాతెప్పుడో హైదరాబాద్ రానిచ్చారు. 1813 సెప్టెంబర్‌లో, ఇరవై ఏడేళ్ళకి చనిపోయింది.

1813. 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' అచ్చయిన ఏడాది. అక్కడ ఎలిజబెత్‌కి డార్సీ దొరికిన ఏడాదే ఇక్కడ ఖైరున్నిసా పోయింది. ఇంకోటి చెప్పనా? హెన్రీ రస్సెల్ మన హైదరాబాద్‌కి రెసిడెంటుగా ఉన్నది 1811 నుంచి 1820 దాకా. సరిగ్గా రీజెన్సీ. నేను ఏ కాలాన్ని గుర్రబ్బళ్ళు, మల్లెపూల రంగు గౌన్లు అనుకుంటూ చదివానో, ఆ కాలమంతా ఆమెని వదిలేసిన మనిషే ఆ మేడలో కూర్చున్నాడు.

ఒక్క మాట ఆమె వైపు నుంచి చెప్పాలి. కిర్క్‌పాట్రిక్ వీలునామాలో ఆస్తి ఎక్కువభాగం పిల్లలకి రాశాడు. ఖైరున్నిసాకి సొంత జాగీర్లు, నగలు ఉన్నాయి కాబట్టి ఆమెకి కొదవలేదని చెప్పాడు. అదే కాలంలో ఇంగ్లండ్ పెళ్ళాలకి లేని హక్కు పాతబస్తీ ఆడపిల్లకి ఉంది. నవలల్లో ఇంగ్లీషు హీరోయిన్లకి ఉన్నట్టు చూపించే దర్జా నిజంగా ఉన్నది ఇక్కడ. అయినా ఆ జాగీర్లు ఆమెకి బిడ్డల్ని తెచ్చివ్వలేకపోయాయి.

అసలైన రీజెన్సీ అమ్మాయి

ఆ మూడేళ్ళ పాప ఏమైంది? ఇంగ్లండ్‌లో ఆమెని బాప్తిజం చేసి, క్యాథరీన్ అరోరా కిర్క్‌పాట్రిక్ అని పేరు పెట్టారు. ఇంట్లో కిట్టీ. తాత దగ్గర పెరిగింది. రీజెన్సీ మొదలైనప్పుడు ఆమెకి ఎనిమిదేళ్ళు, ముగిసేసరికి పదిహేడు. అంటే నవలల్లో హీరోయిన్ మొదటి డాన్సుకెళ్ళే వయసు. నెట్‌ఫ్లిక్స్ బ్రిడ్జర్టన్ రెండో సీజన్‌లో ఇండియా నుంచి వచ్చిన శర్మ అక్కచెల్లెళ్ళని చూసి, ఇలా ఎక్కడన్నా జరుగుతుందా అని చాలామంది నవ్వారు. అక్కని 'దీదీ' అంటూ నాన్నని 'అప్పా' అంటే నాకూ నవ్వొచ్చింది. కానీ జరిగింది. ఆ అమ్మాయి హైదరాబాద్ నుంచి వెళ్ళింది.

తర్వాతి రోజుల్లో పెద్ద రచయిత అయిన థామస్ కార్లైల్ కుర్రతనంలో ఆమెని చూసి మనసు పారేసుకున్నాడు. అతని 'సార్టర్ రిసార్టస్'లో బ్లూమీన్ అనే పాత్రకి మూలం ఆమేనని అంటారు. కిట్టీ 1829లో ఒక సైనికాధికారిని పెళ్ళి చేసుకుంది. పిల్లలు, ఇల్లు, మంచి బతుకు. జానపద కథ లెక్కన సుఖాంతమే.

కానీ నలభై ఏళ్ళు రాబోతుండగా, హెన్రీ రస్సెల్ ఇంట్లో ఆమె చిన్నరీ వేసిన బొమ్మ చూసింది. గోడమీద తన చిన్నప్పటి మొహం, తన అన్న మొహం. అక్కణ్ణుంచి విచారిస్తే తెలిసింది, హైదరాబాద్‌లో అమ్మమ్మ షరఫున్నిసా ఇంకా బతికే ఉందని. 1841 ప్రాంతంలో ఉత్తరాలు మొదలయ్యాయి. అమ్మమ్మకి ఇంగ్లీషు రాదు, మనవరాలికి ఫార్సీ రాదు. మధ్యలో ఎవరో అనువదించాలి. విడిపోయేటప్పుడు అమ్మ ఏడ్చిన ఏడుపు, కూర్చున్న చోటు తనకి ఇంకా కళ్ళముందు ఉన్నాయని కిట్టీ రాసింది. మూడేళ్ళ పాపకి గుర్తుంది చూడండి. 1847లో అమ్మమ్మ పోయింది. ఇద్దరూ ఒక్కసారి కూడా కలవలేదు. కిట్టీ 1889లో ఇంగ్లండ్‌లోనే పోయింది.

సిండ్రెల్లా మసిగుడ్డల నుంచి మేడకి వెళ్తుంది. సాహెబ్ బేగం మేడలో పుట్టి, బట్టలు, భాష, మతం, పేరు అన్నీ గడప దగ్గర విడిచి వెళ్ళింది. ఆమె కాలికి ఇంగ్లండ్ చెప్పు సరిపోయింది. సరిపోయేలా ఆమెని చేశారు.

మళ్ళీ ఆదివారం దగ్గరికి

ఇదంతా ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, పెళ్ళిచూపులైన మర్నాడు వాళ్ళ దగ్గర్నుంచి కబురొచ్చింది. పిల్ల నచ్చింది. నవలల సంగతి కూడా పర్లేదు. అబ్బాయి డల్లాస్‌లో ఉద్యోగం. నేను ఇక్కడ రిజైన్ చేసి, హెచ్-4 వీసా మీద వెళ్ళాలి. భర్త గ్రీన్‌కార్డు పని ఒక దశ దాటేదాకా ఆ వీసా మీద ఉద్యోగం చెయ్యడానికి లేదు. అతనికి ఆ పని ఇంకా మొదలే కాలేదు. "రెండు మూడేళ్ళు ఇంట్లో ఉంటే ఏమవుతదే, అందరూ ఉంటలేరా," అంది అమ్మ. ఇంటిపేరు కూడా పాస్‌పోర్టులో ముందే మార్పిస్తే పని సులువట.

ఎవరూ చెడ్డవాళ్ళు కారు. అబ్బాయి మంచివాడు. అక్కడ అలా వెళ్ళి సుఖంగా ఉన్న నా ఫ్రెండ్స్ ఉన్నారు, ఏడేళ్ళ అనుభవం ఫ్రిజ్‌లో పెట్టి కూర్చున్న ఫ్రెండ్స్ కూడా ఉన్నారు. నన్నెవరూ పరదాలో పెట్టట్లేదు, నా వయసు పద్నాలుగు కాదు, నన్ను అడుగుతున్నారు కూడా. ఖైరున్నిసాతో పోల్చుకుంటే సిగ్గుచేటు. అయినా ఆ రాత్రి నిద్రపట్టలేదు.

మర్నాడు సాయంత్రం పిన్ని కూతురి నిశ్చితార్థానికి గాజులు కొనాలని అమ్మ నన్ను లాడ్ బజార్ తీసుకెళ్ళింది. చార్మినార్ నీడలో ఎప్పుడూ వెళ్ళే దుకాణమే. పక్కన చిన్న బొగ్గుల కుంపటి మీద లక్క కరిగిస్తున్నారు. అమ్మ ఎంచిన గాజు నా చేతికి పట్టలేదు. నేను చెయ్యి సబ్బుతో రుద్దుకుందామా అని చూస్తుంటే ఆ చాచా నవ్వాడు. "హాత్ కో కాయ్‌కు తక్లీఫ్ దేతే బేటా? గాజుని ఏడి చేస్త," అని గాజుని కుంపటి మీద వేడి చేసి, కర్రకి తొడిగి, కాస్త సాగదీసి ఇచ్చాడు. సరిపోయింది.

సిండ్రెల్లా కథలో ఊళ్ళో ఆడపిల్లలంతా ఒక చెప్పుకి కాళ్ళు సరిపెట్టుకోవాలి. గ్రిమ్ వాళ్ళ కథలోనైతే సవతి అక్కలు ఒకతి కాలివేలు, ఒకతి మడమ కోసుకుంటారు. మన బజార్లో పని తిరగబడింది. చెయ్యి ఎలా ఉందో అలాగే ఉంటుంది, వేడి తగిలేది గాజుకి.

నేను ఇంటికొచ్చి అబ్బాయికి ఫోన్ చేశాను. నేరుగా మాట్లాడ్డం ఇదే మొదటిసారి. తప్పుపట్టలేదు, డైలాగులు కొట్టలేదు. ఒకటే అడిగాను. "నేను ఉద్యోగం, ఊరు, ఇంటిపేరు మార్చుకోవాలి. మీ వైపు నుంచి ఏం మారుతుంది?"

కాసేపు అవతల చప్పుడు లేదు. తర్వాత, "నిజం చెప్పాలంటే నేనెప్పుడూ ఆలోచించలేదు. మీ కంపెనీ అక్కడికి ట్రాన్స్‌ఫర్ ఇస్తుందేమో, లేకపోతే నేను ఇటు రావడానికి ఏమన్నా కుదురుతుందేమో చూస్తాను. ఒక నెల టైమ్ ఇస్తారా?" అన్నాడు. ఇచ్చాను. డార్సీ అయితే ఇంకా గొప్పగా చెప్పేవాడు. కానీ 'ఆలోచించలేదు' అని ఒప్పుకోవడం నాకు బాగుంది. నెల తర్వాత ఏమవుతుందో నాకూ తెలీదు. సుఖాంతమైతే ఈ కాలమ్‌లోనే చెప్తాను. కాకపోతే వేరే టాపిక్ రాస్తాను, మీరు అర్థం చేసుకోండి.

ఇంకా డ్యూకుల నవలలు చదువుతున్నావా అంటే, చదువుతున్నాను. నిన్న రాత్రి కూడా చదివాను. అవి అబద్ధమని తెలుసు. మా నానమ్మకి భాగమతి కథ అబద్ధమని తెలియదా ఏంటి? కోరుకోవడం ఎలా ఉంటుందో ఆ పుస్తకాలు నాకు నేర్పాయి. అడగడం మాత్రం వాటిలో లేదు, అది ఖైరున్నిసా కథ చదివాక వచ్చింది. రెండు పుస్తకాలూ ఒకే షెల్ఫ్‌లో ఉండాలి.

మీకు వీలైతే ఒకసారి కోఠి వెళ్ళి ఆ మేడ చూసి రండి. ఇప్పుడది చాకలి ఐలమ్మ పేరు పెట్టుకున్న మహిళా విశ్వవిద్యాలయం. తన పొలంలో గింజ కోసం దొరల మీద నిలబడ్డ ఐలమ్మ. భార్య ముందువైపుకి వచ్చి చూడలేదని బొమ్మ మేడ కట్టించిన ఆవరణలో, ఇవాళ ఆడపిల్లలు ముందు గేటు నుంచే లోపలికి వెళ్తారు. ఎగ్జామ్ ఫీజుల గురించి, బస్‌పాసుల గురించి గట్టిగా మాట్లాడుకుంటూ. మెట్రో దిగి నిలబడితే వినపడుతుంది.

అమ్మ ఇప్పుడే వచ్చి ఇదంతా చదివింది. "అంతా మంచిగనే ఉన్నది గని, రాజశేఖరం మాత్రం వేరే," అంది. సరే అమ్మా. నీ కథ నీకుండనీ.